జూలైలో గోవా, జనవరిలో బాలి: బీచ్ ట్రిప్ బుక్ చేసే ముందు ఇది చూడండి

మొన్న ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, జూలైలో గోవా హోటల్ సగం రేటుకే వచ్చింది, ఆరుగురం బుక్ చేసేశాం. ఈతకి ఏ బీచ్ బాగుంటుంది?" అని. నేను చెప్పింది ఒక్కటే: "జూలైలో ఏ బీచ్‌లోనూ దిగొద్దు తమ్ముడూ." పాపం, బాగా డల్ అయిపోయాడు. రేటు చూసి, రీల్ చూసి టికెట్ కొట్టేసే అలవాటు మనలో చాలామందికి ఉంది కదా, అందుకే ఈ ఎపిసోడ్.

మనం ఏం చేస్తాం? ముందు ఊరు అనుకుంటాం, తర్వాత సెలవు పెడతాం. ఈసారి తిరగేసి చూడండి. మీకు సెలవు దొరికే నెల ఏదో ముందు తేల్చుకోండి. ఆ నెలలో ఏ తీరం ప్రశాంతంగా ఉంటుందో తర్వాత వెతకండి.

ఎందుకంటే, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాల గాలి అరేబియా సముద్రం మీదుగా వచ్చి నేరుగా గోవా, కర్ణాటక, కేరళ తీరాన్ని కొడుతుంది. అలలు పెద్దవవుతాయి. వాటర్ స్పోర్ట్స్ ఆపేస్తారు, ఒడ్డున షాక్‌లు తీసేస్తారు, ఎర్ర జెండాలు పెడతారు. హోటల్ సగం రేటుకి వచ్చింది అందుకే! వాన, పచ్చదనం చూడ్డానికి వెళ్తానంటే జూలై గోవా సూపర్. ఈతకైతే నవంబర్ నుంచి మార్చి వరకు ప్లాన్ చేసుకోండి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు సీన్ మారుతుంది. అప్పుడు ఈశాన్య రుతుపవనాలు. చెన్నై, పుదుచ్చేరి వైపు వానలు, బంగాళాఖాతంలో తుఫాన్ల భయం. అండమాన్‌లో మే నెలలోనే వానలు మొదలవుతాయి, సముద్రం బాగా లేకపోతే దీవుల మధ్య ఫెర్రీలు క్యాన్సిల్ అవుతాయి. అక్కడికి జనవరి నుంచి ఏప్రిల్ మంచి టైమ్.

ఇక శ్రీలంక. ఈ చిన్న దేశంలోనే రెండు సీజన్లు! మధ్యలో కొండలు ఉన్నాయి కదా, అవి నైరుతి మేఘాలను ఆపేస్తాయి. అందుకే జూలైలో హిక్కడువ, మిరిస్సా వైపు అలలు ఎగసిపడుతుంటే, తూర్పున ట్రింకోమలీలో ఎండ కాస్తుంటుంది. జనవరిలో దీనికి రివర్స్. "శ్రీలంక వెళ్లొచ్చా?" అని కాదు, "శ్రీలంకలో ఏ వైపు?" అని అడగాలి. థాయ్‌లాండ్ కూడా అంతే. ఫుకెట్, క్రాబీలకి మే నుంచి అక్టోబర్ వరకు వానలు. కో సముయ్‌కి గట్టి వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్‌లో.

మరి జూలైలోనే సెలవు దొరికితే? బాలి ఉంది. అది భూమధ్యరేఖకి దక్షిణాన ఉంటుంది, ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు పొడి సీజన్. కాకపోతే జూలై, ఆగస్టుల్లో జనం, రేట్లు రెండూ ఎక్కువే. సంక్రాంతి సెలవులకి బాలి అంటే మాత్రం వానలు. పైగా ఆ నెలల్లో కూటా బీచ్‌కి అలలతో పాటు చెత్త కూడా కొట్టుకొస్తుంది.

సరే, నెల కుదిరింది, ఊరు కుదిరింది. ఇప్పుడు బీచ్. ఒకే ఊళ్లో రెండు బీచ్‌లు ఒకేలా ఉండవు. బాలిలోనే కూటాలో అలలు గట్టిగా ఉంటాయి, సనూర్‌లో ముందు పగడపు దిబ్బ అడ్డు ఉంటుంది కాబట్టి నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ శాటిలైట్ వ్యూ తెరిచి చూడండి. ఒడ్డుకి దూరంగా తెల్లటి గీతలా అలలు విరుగుతూ, లోపల లేత నీలం నీళ్లు కనిపిస్తే అక్కడ దిబ్బ ఉన్నట్టు. అలాంటి చోట ఆటుపోట్ల టైమ్ కూడా చూసుకోవాలి. అండమాన్‌లోని షహీద్ ద్వీప్‌లో నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు వెళ్తే ఈత కుదరదు, కాళ్లకి రాళ్లు, పగడాలే తగులుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇప్పుడు చెప్తాను. స్కిప్ చేయకండి. దాని పేరు రిప్ కరెంట్. అలలతో ఒడ్డుకి వచ్చిన నీరు మళ్లీ సముద్రంలోకి పోవాలి కదా, అది ఒక ఇరుకు దారి చూసుకుని స్పీడ్‌గా పోతుంది. ఆ దారిలో అలలు పెద్దగా విరగవు. మనకేమో "అబ్బ, ఇక్కడ నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయి" అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే దిగుతాం! వైజాగ్ ఆర్కే బీచ్‌లో కొట్టుకుపోయిన కుర్రాళ్ల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఒకవేళ ఇరుక్కుంటే నేరుగా ఒడ్డు వైపు ఈదొద్దు, గజ ఈతగాడైనా అలిసిపోతాడు. తేలుతూ ఉండండి, చెయ్యి ఊపండి. ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా, పక్కకి ఈది ఆ దారిలోంచి బయటపడండి. ఫ్రెండ్ ఇరుక్కుంటే మీరు దూకకండి. తేలే వస్తువు ఏదైనా విసిరి, లైఫ్‌గార్డ్‌ని పిలవండి. ఎరుపు, పసుపు కలిసిన జెండాల మధ్య లైఫ్‌గార్డ్ కాపలా ఉంటుంది, అక్కడే దిగండి. ఎర్ర జెండా ఒక్కటే ఉంటే ఒడ్డునే ఉండండి.

బుక్ చేసే ముందు ఫోన్‌లో రెండు పనులు చేయండి. ఒకటి, మ్యాప్స్‌లో ఆ బీచ్ ఫొటోలకి తేదీ ఉంటుంది, మీరు వెళ్లే నెలలో తీసినవే చూడండి. రెండు, మన తీరాలకైతే బయల్దేరే ముందు ఇన్‌కాయిస్ వెబ్‌సైట్ చూడండి. మన హైదరాబాద్‌లోనే ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. అలల ఎత్తు, హెచ్చరికలు అన్నీ ఫ్రీగా ఇస్తుంది.

ఆ తమ్ముడు గోవా క్యాన్సిల్ చేయలేదు, డబ్బులు తిరిగి రావట. కానీ "ఈత లేదు అన్నా, జలపాతాలు దూరం నుంచి చూసి, చేపల పులుసు తిని వస్తాం" అన్నాడు. ఆరుగురు వెళ్తున్నారు, ఆరుగురూ తిరిగి రావాలి. అది చాలు.

మీకు ఏ నెలలో సెలవు దొరుకుతుందో కామెంట్ చేయండి, ఏ బీచ్ బాగుంటుందో మాట్లాడుకుందాం. ఉంటాను మరి, బై!