చొక్కా విప్పి కూర్చోండి

మా షోలాపూర్ మగ్గాల వాడలో 37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డ ఇంటికొస్తే చాలు, "వేన్నీళ్లు పెట్టండే, తానం పోద్దాం" అంటారు పెద్దమ్మలు. నేను వద్దంటాను. ఆ బిడ్డ ఒంట్లో కొవ్వు తక్కువ, వేడి నిలవదు.

1978లో కొలంబియా దేశపు బొగోటాలో ఇంక్యుబేటర్ పెట్టెలు చాలక, డాక్టర్ ఎడ్గార్ రే ఇలాంటి బిడ్డల్ని తల్లుల రొమ్ముకే ఆనించి కట్టించాడు. అదే కంగారూ పద్ధతి. బిడ్డకు టోపీ, లంగోటీ చాలు. తల్లి ఛాతీకి నిలువుగా ఆనించి మెత్తటి చీరతో కట్టాలి, ముక్కు మూసుకుపోకూడదు. రోజుకు 8 గంటలకు తగ్గకూడదు. ఎంత ఎక్కువైతే అంత మేలు. చనుబాలు కూడా బాగా పడతాయి.

తల్లి అలసిపోతే తండ్రి ఉన్నాడు కదా! మిల్లు నుంచి వచ్చి, ఒళ్లు కడుక్కుని, చొక్కా విప్పి కూర్చోండయ్యా, సిగ్గెందుకు? బీడీ మాత్రం బిడ్డ దగ్గర ముట్టించొద్దు.

పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా ఆసుపత్రికి పరుగెత్తండి. దారిలో కూడా బిడ్డ ఛాతీ మీదే ఉండాలి.