వంశంలో వచ్చే మెదడు జబ్బులు – స్కానింగ్‌లో ఏం తెలుస్తుంది?

“ఒక్కసారి తలకు స్కానింగ్ తీయిస్తే అంతా తెలిసిపోతుంది కదండీ?” ఓ.పి. గదిలో డాక్టరు గారిని మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. కొన్ని జబ్బుల్లో అవును, తెలిసిపోతుంది. తండ్రి నుంచి బిడ్డకు, తాత నుంచి మనవడికి వచ్చే మెదడు జబ్బుల విషయంలో మాత్రం అంత తేలిగ్గా చెప్పలేం. ఈ సంచికలో దాని గురించే కొంచెం వివరంగా చెప్పుకుందాం.

మన రహమత్ నగర్‌లో సినిమా షూటింగుల్లో లైట్ల పని చేసే ఒకాయన ఉన్నాడనుకోండి. నలభై ఏళ్లు దాటాక చేతివేళ్లు, భుజాలు వాటంతట అవే కదలడం మొదలైంది. నడకలో తూలుతున్నాడు. చుక్క ముట్టని మనిషిని పట్టుకుని వీధివాళ్లు తాగొచ్చాడంటారు. చీటికిమాటికి కోపం, మతిమరుపు. గాలి సోకిందని ఒకరు తాయెత్తు కట్టిస్తారు. “వాళ్ల నాన్న కూడా ఇదే వయసులో ఇలాగే అయిపోయాడు” అని తల్లి మెల్లగా బయటపెడుతుంది. ఇంట్లో పెళ్లీడుకొచ్చిన కూతురు ఉంది. ఆయన భార్య ఇక నిద్రపోగలదా?

ఇలాంటి లక్షణాలకు కారణమయ్యే జబ్బుల్లో ఒకటి హంటింగ్టన్ జబ్బు. 1872లో జార్జ్ హంటింగ్టన్ అనే అమెరికా డాక్టరు దీన్ని స్పష్టంగా వర్ణించారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, సగానికి సగం అవకాశం. దీనికి కారణమైన జన్యువు 1993లో దొరికింది. అందులో సి.ఎ.జి. అనే మూడక్షరాల ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. మామూలు వాళ్లలో 26 సార్లకు మించదు. 40 సార్లు, అంతకు మించి ఉంటే ఎప్పటికో ఒకప్పటికి జబ్బు బయటపడుతుంది. ఈ జన్యువు కోసం వెనిజులాలో మరకైబో సరస్సు ఒడ్డున ఉన్న పల్లెల్లో ఏళ్ల తరబడి తిరిగి, వేలాది మంది వంశవృక్షం గీసినవారిలో నాన్సీ వెక్స్‌లర్ ముఖ్యులు. ఆమె తల్లిదీ ఇదే జబ్బు. తనకూ అది వచ్చిందని ఆమె 2020లో బయటికి చెప్పారు.

ఇక స్కానింగ్ సంగతి. ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలతోనే మెదడును పొరలు పొరలుగా ఫొటోలు తీస్తుంది. హంటింగ్టన్ జబ్బులో మెదడు లోపల కాడేట్, పుటామెన్ అనే రెండు భాగాలు క్రమంగా చిక్కిపోతాయి. మన కదలికలను అదుపులో ఉంచేది ఇవే. జబ్బు ముదిరిన మనిషి ఫిల్ములో డాక్టర్లకు ఆ తేడా కంటికే కనిపిస్తుంది. మొదట్లో అయితే కనిపించదు, కొలవాలి.

ఎలా కొలుస్తారో మన పేటవాళ్లకు చెప్పడం తేలిక. షూటింగులో కంటిన్యూటీ చూసే అసిస్టెంటు ఏం చేస్తాడు? నిన్నటి సీను ఫొటో దగ్గర పెట్టుకుని ఇవాళ్టి సీనుతో పోలుస్తాడు. బొట్టు పక్కకు జరిగినా, చొక్కా గుండీ మారినా పట్టేస్తాడు. పరిశోధకులు చేసేదీ అదే. ఒకే మనిషి మెదడును ఏడాదికోసారి ఒకే పద్ధతిలో ఫొటో తీస్తారు. పాతదాని మీద కొత్తది కంప్యూటరులో పేర్చి, ఏ భాగం ఎంత తగ్గిందో లెక్క కడతారు. 2008లో లండన్, పారిస్, లైడెన్, వాంకూవర్ నగరాల్లో 366 మందితో ట్రాక్ హెచ్.డి. అనే అధ్యయనం ఇలాగే మొదలైంది. జన్యువు ఉండి ఇంకా ఏ లక్షణమూ లేనివారు, జబ్బు మొదలైనవారు, జన్యువు లేనివారు – ఈ మూడు రకాలవారినీ పక్కపక్కన పెట్టి చూశారు. చేతులు కదలడం మొదలుకావడానికి పదేళ్లకు పైగా ముందు నుంచే ఆ భాగాలు తగ్గుతున్నాయని తేలింది. 2020లో లండన్‌వారే ఇంకా వెనక్కి వెళ్లారు. జబ్బు రావడానికి ఇంకా సుమారు 24 ఏళ్లు ఉందనుకున్న 64 మందిని జన్యువు లేని 67 మందితో పోల్చారు. జ్ఞాపకశక్తిలో, ఆలోచనలో తేడా లేదు. పుటామెన్ మాత్రం అప్పటికే సగటున కాస్త చిన్నదిగా ఉంది.

“సగటున” అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆ తేడా గుంపుకీ గుంపుకీ మధ్య ఉన్న తేడా. ఒక ఆరోగ్యవంతుడి స్కాన్ చూసి ‘నీకు రాబోతోంది’ అనో, ‘నీకు రాదు’ అనో ఏ డాక్టరూ చెప్పలేరు. అది చెప్పేది రక్తంలో చేసే జన్యు పరీక్ష. అందుకే పై కుటుంబంలోని కూతురిని పెళ్లికి ముందు స్కానింగ్‌కు తీసుకెళ్లడం, మా దృష్టిలో, డబ్బు దండగ. జన్యు పరీక్షయినా ఆ అమ్మాయి తనంతట తాను, కౌన్సెలింగ్ తరువాత అడగాలి. మామయ్యో, పెళ్లివారో అడిగితే చేసేది కాదు. లక్షణాలు లేని 18 ఏళ్లలోపు పిల్లలకు ఈ పరీక్ష చేయకూడదన్నది ప్రపంచమంతా పాటించే పద్ధతి. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా మనిషికి ఉంది.

మరి ఈ కొలతలన్నీ ఎందుకు? కొత్త మందు పనిచేస్తోందో లేదో లక్షణాలను మాత్రమే చూసి తేల్చాలంటే ఏళ్లు పడుతుంది. కొలత చేతిలో ఉంటే ముందే తెలుస్తుంది. ఇప్పటికైతే హంటింగ్టన్ జబ్బును నయం చేసే మందు లేదు. కదలికలను తగ్గించే టెట్రాబెనజీన్ వంటివి ఉన్నాయి. 2025 సెప్టెంబరులో ఎ.ఎం.టి.-130 అనే జన్యు చికిత్స జబ్బు వేగాన్ని బాగా తగ్గించిందని ప్రకటించారు. ఆ మందును ఎం.ఆర్.ఐ. చూస్తూ నేరుగా కాడేట్, పుటామెన్‌లలోకే ఎక్కిస్తారు. ఎక్కువ మోతాదు తీసుకుని మూడేళ్లు పూర్తయినవారు 12 మందే. ఆశ ఉంది, తొందరపడకూడదు.

ఇప్పుడు మనం తప్పక తెలుసుకోవలసిన ఇంకో జబ్బు ఉంది. విల్సన్ జబ్బు. ఇదీ వంశంలో వచ్చేదే, ఇందులోనూ కాడేట్, పుటామెన్‌లే దెబ్బతింటాయి. కానీ దీనికి మందు ఉంది! ఒంట్లో చేరిన రాగి బయటికి పోక కాలేయంలో, మెదడులో పేరుకోవడం వల్ల వస్తుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపపు జన్యువులూ వస్తేనే బిడ్డకు జబ్బు. తల్లిదండ్రులు మాత్రం ఆరోగ్యంగానే ఉంటారు. మేనమామ కూతురినో, అక్క కూతురినో చేసుకునే మన ఇళ్లలో ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. బాగా చదివే పిల్లవాడి చేతిరాత పాడవడం, మాట ముద్దగా రావడం, చొంగ కారడం, కారణం తెలియని కామెర్లు – ఇవి కనిపిస్తే బద్ధకమని కొట్టకండి.

విల్సన్ జబ్బులో ఎం.ఆర్.ఐ. తీస్తే కొందరిలో మధ్య మెదడు అచ్చం పాండా ముఖంలా కనిపిస్తుంది. అందరిలో కనిపించదు. కాబట్టి రక్తంలో సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి కూడా చూస్తారు. కంటి డాక్టరు నల్లగుడ్డు అంచున గోధుమరంగు ఉంగరం ఉందేమో చూస్తారు. బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు మూడు దశాబ్దాల్లో తాము చూసిన 282 మంది విల్సన్ రోగుల వివరాలను 2007లో ప్రచురించారు. అది మన దేశంలో ఈ జబ్బు మీద వచ్చిన పెద్ద అధ్యయనాల్లో ఒకటి. పెనిసిల్లమిన్, జింక్ వంటి మందులు సకాలంలో మొదలుపెడితే చాలామంది కోలుకుంటారు. స్కాన్‌లో కనిపించిన మచ్చలు కూడా కొందరిలో తగ్గుతాయి. మందు జన్మంతా వాడాలి. బాగుంది కదా అని మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఒక బిడ్డకు జబ్బు తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లందరికీ, లక్షణాలు లేకపోయినా, పరీక్ష చేయించాలి. ఒక్కొక్కరికీ నాలుగో వంతు అవకాశం ఉంది. హంటింగ్టన్ విషయంలో తెలుసుకోకపోవడం ఒక హక్కు అన్నాం. ఇక్కడ తెలుసుకోకపోతే బిడ్డ నష్టపోతుంది.

యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే పంజాగుట్ట. అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ విభాగమూ, మెడికల్ జెనెటిక్స్ విభాగమూ ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఇంట్లో పెద్దలను కూర్చోబెట్టి, ఎవరు ఏ వయసులో ఎలా జబ్బుపడ్డారో మూడు తరాల వివరం ఒక కాగితం మీద రాసుకోండి. దాచకండి. ఒంట్లో పేస్‌మేకర్, లోహపు క్లిప్పులు ఉంటే స్కాన్ గదిలోకి వెళ్లకముందే చెప్పండి. బీరువా మీద దుమ్ముపట్టిన పాత స్కాన్ ఫిల్ములు, సీడీలు ఉంటే అవీ పట్టుకెళ్లండి. కొత్తదాన్ని పోల్చి చూడటానికి డాక్టరు గారు మొదట అడిగేది వాటినే.