వార్తల్లో పదం: ఎజెక్షన్ ఫ్రాక్షన్

రాజమండ్రిలో ఎకో తీయించుకుని బయటికొస్తే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట ‘పంపింగ్ ఎంతుందట?’. రిపోర్టులో ‘ఈఎఫ్’ అని ఉండేది అదే. గుండె ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ప్రతి స్పందనకూ ఎంత శాతం బయటికి పోతోందన్న లెక్క. 60 ఉంటే మిగతా 40 శాతం గుండె పాడైందని బెంగపడేవాళ్లున్నారు, పాపం, అనవసరం. 60 మామూలే.

35, అంతకన్నా తక్కువైతే చిక్కు ఎక్కువ. గుండె రక్తనాళాల్లో అడ్డంకులు కూడా ఉండి బైపాస్ ఆపరేషన్ అవసరమైతే, దానికి తట్టుకుంటారా అన్న భయం ఉత్తది కాదు. అలాంటి 1,212 మందిపై జరిగిన ‘స్టిచ్’ పరిశోధనలో తొలి నెల మరణాలు ఆపరేషన్ వైపే ఎక్కువ. పదేళ్లకు లెక్క తిరగబడింది: మందులతోనే నెట్టుకొచ్చినవారిలో 66 శాతం, మందులతోపాటు బైపాస్ కూడా చేయించుకున్నవారిలో 59 శాతం చనిపోయారు. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ పథకంతో గోదావరి జిల్లాల పేదలకూ ఈ ఆపరేషన్ అందుతోంది. కాబట్టి అంకె చూసి ఆశ వదులుకోకుండా సర్జన్‌ను అడగండి.