ఇరువదియొకటి: ఒక పేకాటలోని సంభావ్యత

అమెరికాలోని నెవాడా రాష్ట్రము 1931లో జూదమును చట్టసమ్మతము చేసినది. అచ్చటి జూదశాలలలో మిక్కిలి ప్రచారముగల పేకాట 'బ్లాక్‌జాక్'. దీనినే 'ఇరువదియొకటి' అనియు అందురు. గణితజ్ఞులు ఈ ఆటపై ఏండ్ల తరబడి శ్రమించిరనుట వింతగా తోచవచ్చును. కాని సంభావ్యతా గణితము పెరిగినదే జూదపు లెక్కలనుండి గదా!

నియమములు కొద్దివే. ఆటగాడు తక్కిన ఆటగాండ్రతో గాక ముక్కలు పంచువానితో, అనగా జూదశాలతో తలపడును. 2 మొదలు 10 వరకు ముక్కలకు వాటి అంకెయే విలువ. జాకీ, రాణి, రాజులకు పదేసి. ఆసును 1గా గాని 11గా గాని ఎంచవచ్చును. మొదట ఇద్దరికిని రెండేసి ముక్కలు వేయుదురు. పంచువాని ముక్కలలో ఒకటి తెరచియుండును. ఆటగాడు కావలసినన్ని ముక్కలు అడుగవచ్చును గాని, మొత్తము 21 దాటెనా, పందెము అప్పుడే పోయినట్లు. అతడు ఆగిన పిదప పంచువాడు ఆడును. ఇతనికి స్వేచ్ఛ లేదు. 16 వరకు తీయవలెను, 17 వచ్చినచో ఆగవలెను. 21కి చేరువైన వానిది గెలుపు. సమానమైనచో ఎవరి సొమ్ము వారికే.

మరి జూదశాలకు లాభమెక్కడిది? కిటుకు వరుసలోనున్నది. ఆటగాడు ముందు ఆడును. ఇద్దరును 21 దాటినచో న్యాయముగా సమానము కావలెను. కాని ఆటగాని పైకము అప్పటికే పోయినది! పంచువాడు 21 దాటుట నూటికి ఇంచుమించు 28 సార్లు జరుగును. ఆటగాడును అతనివలెనే 17 వరకు తీయుచు పోయినచో, ఇద్దరును దాటు సంభావ్యత 0.28 × 0.28, అనగా నూటికి 8. ఇందుకు బదులుగా, తొలి రెండు ముక్కలలోనే ఆసును పది విలువగల ముక్కయు పడినవానికి రెండింటికి మూడు చొప్పున ఇచ్చుట పాత ఆచారము. అట్లు పడు సంభావ్యత 2 × 4/52 × 16/51, అనగా ఇంచుమించు 21లో ఒకటి. దీనివలన తిరిగి వచ్చునది నూటికి రెండు పైచిల్లర. నికరముగా నూటికి అయిదున్నర నష్టము. (ఇటీవల కొన్ని శాలలు అయిదింటికి ఆరు మాత్రమే ఇచ్చుచున్నవి. అచ్చట నష్టము ఇంకను హెచ్చు.)

ఆటగానికి మిగిలిన ఆయుధము పంచువాని తెరచిన ముక్క. అది 4, 5, 6 అయినచో పంచువాడు 21 దాటు అవకాశము నూటికి 40 ప్రాంతమున నుండును. కావున చేతిలో 12 మాత్రమే ఉన్నను ఆగుట మేలు. చేతిలో 16 ఉండి, ఎదుట 10 కనబడినచో తీయవలెను. తీసినచో 13లో 8 సార్లు చెడును. అయినను, ఆగినచో కలుగు నష్టము అంతకంటె కొంచెము పెద్దది. క్రొత్తవారికి ఈ సంగతి మనసుకెక్కదు. 1956లో అమెరికా సైన్యపు ఉద్యోగమందున్న బాల్డ్విన్, కాంటీ, మైసెల్, మెక్‌డర్మాట్ అను నలుగురు, బల్లమీది గణనయంత్రములతో ఈ లెక్కలు కట్టి ప్రకటించిరి. వారి పద్ధతిలో నష్టము నూటికి ఒకటికంటె తక్కువకు దిగినది.

అసలు రహస్యమును పట్టినవాడు ఎడ్వర్డ్ థార్ప్. రూలెట్ చక్రమునకు జ్ఞాపకము లేదు. ప్రతి త్రిప్పుటయు క్రొత్తదే. పేకకట్ట అట్లు కాదు. వెళ్లిన ముక్క మరల కలుపువరకు తిరిగి రాదు. కావున సంభావ్యత ముక్క ముక్కకు మారుచుండును. 15, 16లతో చిక్కుకొన్న పంచువానిని గట్టెక్కించునవి చిన్న ముక్కలు. అవి ముందే వెళ్లిపోయినచో నష్టము పంచువానిది. ఆటగాడు ఆగగలడు, పంచువాడు ఆగలేడు. ఐ.బి.ఎం. 704 యంత్రముతో లెక్కించి థార్ప్ 1962లో 'బీట్ ది డీలర్' అను గ్రంథమును ప్రకటించెను. ఒకే కట్టలో నాలుగు అయిదులును వెళ్లిన పిదప ఆటగానికే నూటికి మూడు పైచిలుకు మొగ్గు! 1964లో లాస్ వేగస్ శాలలు నియమములను బిగించినవి. జనము తగ్గగా కొద్దివారములలోనే సడలించినవి. పిమ్మట పెక్కు కట్టలను కలిపి పంచుట ప్రబలెను.

ఈ మొగ్గు ఎంత చిన్నదో లెక్కించిన తెలియును. నూటికి ఒకటి చొప్పున మొగ్గున్న 10,000 పందెములకు సగటు లాభము 100 రూపాయలు, పందెము రూపాయి అయినచో. కాని ఫలితపు ప్రమాణ విచలనము సుమారు 110! అన్ని పందెములాడినను ఆరుగురిలో ఒకడు నష్టముతోనే లేచును.

తరగతిలో ఇంకొక పందెమును పరీక్షింపవచ్చును. పంచువాని తెరచిన ముక్క ఆసు అయినచో 'బీమా' పెట్టుమందురు. మూసిన ముక్క పది విలువగలదైనచో ఒకటికి రెండు వచ్చును. మిగిలిన 51లో అట్టివి 16, కానివి 35. లాభము 32, నష్టము 35. చింతగింజలే పందెముగా, ఒక ఆసును తీసివేసిన కట్టను కలిపి, నలుబదిమంది విద్యార్థులు పదేసిసార్లు పైముక్కను తిప్పిచూడవలెను. 400 సార్లకు సగటు నష్టము 24 గింజలు, విచలనము 28. కావున అయిదు తరగతులలో ఒకటి లాభముతో బయటపడుటకు వీలున్నది. ఆ తరగతిని మరునాడును అదే ఆట ఆడించి, రెండు దినముల లెక్కలను కలిపి చూడవలెను.