వీపుపై సంఖ్య – విపణిలో విలువ

పాఠ్యభాగ ఉద్దేశం

క్రీడలు వినోదానికీ, ఆరోగ్యానికీ మాత్రమే కాక నేడు పెద్ద వ్యాపారానికి కూడా ఆధారమయ్యాయి. క్రీడాకారుడు ధరించే జెర్సీపై ఉన్న సంఖ్యను ఉదాహరణగా తీసుకొని, అభిమానానికీ విపణికీ గల సంబంధాన్ని వివరించడం, కొనుగోలుదారుకు ఉండవలసిన వివేకాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ప్రాచీన కాలంలో యుద్ధరంగాన నిలిచిన వీరులను దూరం నుంచి గుర్తించడానికి వారి రథాలపై ఎగిరే ధ్వజాలే ఆధారం. మహాభారతం విరాటపర్వంలో, ఉత్తర గోగ్రహణ సందర్భంలో, అర్జునుడు ఉత్తరకుమారునికి కౌరవసేనలోని మహారథులను వారి కేతనాల గుర్తులతోనే పరిచయం చేస్తాడు. తాడిచెట్టు గుర్తు గల ధ్వజం భీష్మునిది. సర్పచిహ్నం గల ధ్వజం దుర్యోధనునిది. ముఖం కనబడనంత దూరంలో ఉన్న వీరుడు ఎవరో అతని చిహ్నమే చెబుతుంది. ఆధునిక క్రీడారంగంలో ఆ ధ్వజం చేసిన పనిని క్రీడాకారుని వీపుపై ముద్రించిన సంఖ్య చేస్తున్నది. అయితే భీష్ముని ధ్వజాన్ని ఎవరూ అంగడిలో పెట్టి అమ్మలేదు. నేటి సంఖ్య మాత్రం గుర్తుగా పుట్టి, అభిమానానికి ప్రతీకగా పెరిగి, చివరకు కోట్ల విలువ చేసే సరుకుగా మారింది. ఆ సంఖ్య మారినప్పుడు కలిగే లాభనష్టాలను పరిశీలిస్తే ఈ వ్యాపారం స్వరూపం స్పష్టమవుతుంది.

ఆటగాళ్ల దుస్తులపై సంఖ్యలు వేయడం మొదట ప్రేక్షకుల సౌకర్యం కోసం ఆరంభమైంది. 1928 ఆగస్టు 25న ఇంగ్లండులో ఆర్సెనల్, చెల్సీ ఫుట్‌బాల్ జట్లు తమ తమ పోటీలలో సంఖ్యలు గల చొక్కాలతో మైదానంలోకి దిగాయి. మరుసటి సంవత్సరం అమెరికాలో న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు బ్యాటింగ్ వరుసను బట్టి తన ఆటగాళ్లకు సంఖ్యలు కేటాయించింది. మూడవ స్థానంలో ఆడే బేబ్ రూత్‌కు 3, నాలుగవ స్థానంలో ఆడే లూ గెరిగ్‌కు 4 లభించాయి. అంటే ఆనాడు సంఖ్య స్థానాన్ని సూచించేదే గాని వ్యక్తిని కాదు. ఫుట్‌బాల్‌లో కూడా 1 అంటే గోల్‌కీపర్, 9 అంటే ముందువరుసలో నిలిచి గోల్ చేయవలసినవాడు. ఆ స్థానంలో ఎవరు ఆడితే వారిదే ఆ చొక్కా.

కాలక్రమాన స్థానం వెనుకకు తగ్గి వ్యక్తి ముందుకు వచ్చాడు. తీవ్రమైన నరాల వ్యాధితో గెరిగ్ 1939లో ఆట విరమించాక, యాంకీస్ జట్టు 4ను మరెవ్వరికీ ఇవ్వరాదని నిర్ణయించింది. అమెరికా ప్రధాన బేస్‌బాల్ లీగులలో ఇటువంటి గౌరవం పొందిన మొదటి ఆటగాడు ఆయనే. వర్ణవివక్షను ఎదిరించి 1947లో ఆ లీగులో అడుగుపెట్టిన నల్లజాతి క్రీడాకారుడు జాకీ రాబిన్సన్ ధరించిన 42ను, 50 ఏళ్ల తర్వాత 1997లో అన్ని జట్లకూ వర్తించేలా విరమింపజేశారు. ఇంగ్లండు ప్రీమియర్ లీగు 1993-94 నుంచి ప్రతి ఆటగాడికీ సీజను పొడవునా ఒకే సంఖ్యను, దానిపై అతని పేరును స్థిరం చేసింది. టెస్టు క్రికెట్ తెల్లని దుస్తులపై పేరు, సంఖ్య ముద్రించడం 2019 ఆగస్టులో యాషెస్ పోటీలతో మొదలైంది. పేరు, సంఖ్య ఒకచోట చేరి స్థిరపడగానే ఆ చొక్కా అమ్మకానికి అనువైన వస్తువైంది. జట్టు చొక్కా కొనే అభిమాని ఇప్పుడు ఒక వ్యక్తి చొక్కాను కొంటున్నాడు.

ఆ వ్యక్తి తన సంఖ్యను మార్చుకుంటే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికన్ బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు మైకేల్ జోర్డాన్. షికాగో బుల్స్ జట్టు తరఫున 23 ధరించి మూడు వరుస విజేతృత్వాలు సాధించిన జోర్డాన్ 1993లో ఆట విరమించాడు. జట్టు అతని గౌరవార్థం 1994లో 23ను విరమింపజేసింది. 1995 మార్చిలో అతడు తిరిగి వచ్చి 45 ధరించాడు. అభిమానులు కొత్త సంఖ్య గల జెర్సీలను ఉత్సాహంగా కొన్నారు. కాని ఆ ఏడాది మే నెలలో ఓర్లాండో మ్యాజిక్‌తో జరిగిన పోటీలో చివరి క్షణాలలో జోర్డాన్ చేతి నుంచి ప్రత్యర్థి బంతిని తన్నుకుపోయాడు. బుల్స్ ఓడింది. తరువాతి పోటీలో జోర్డాన్ ముందస్తు అనుమతి లేకుండానే 23తో ప్రత్యక్షమయ్యాడు. లీగు ఆ జట్టుకు జరిమానా విధించింది. జోర్డాన్‌కు పాత సంఖ్య ఆత్మవిశ్వాసాన్ని ఇచ్చి ఉండవచ్చు. కాని రెండు నెలల క్రితమే 45 జెర్సీ కోసం డబ్బు వెచ్చించిన అభిమానికి మిగిలింది నిన్నటి సంఖ్య మాత్రమే.

కోబీ బ్రయాంట్ ఉదంతం ఇందుకు భిన్నమైనది. లాస్ ఏంజెలిస్ లేకర్స్ జట్టులో అతడు 1996 నుంచి పది సీజన్లు 8 ధరించాడు. 2006-07 సీజను నుంచి 24కు మారాడు. కొత్త ఆరంభం కోసమే ఈ మార్పు అని కొందరు, జెర్సీల అమ్మకం కోసమని మరికొందరు వ్యాఖ్యానించారు. మొదటి సంఖ్యతో మూడు, రెండవ సంఖ్యతో రెండు విజేతృత్వాలు అతనికి దక్కాయి. 2017 డిసెంబరు 18న లేకర్స్ జట్టు 8ని, 24ను రెండింటినీ ఒకే వేదికపై విరమింపజేసింది. 2020 జనవరిలో హెలికాప్టర్ ప్రమాదంలో బ్రయాంట్ మరణించాడు. నేడు ఆ రెండు సంఖ్యలలో దేనిని ధరించినా అభిమాని స్మరించేది ఒకే వ్యక్తిని. సంఖ్యకు విలువ దానంతట అది రాదనీ, దానిని ధరించినవాని శ్రమ వల్లనే వస్తుందనీ ఈ ఉదంతం నిరూపిస్తున్నది.

సంఖ్య మార్పు క్రీడాకారుని సొంత విషయమే అనిపిస్తుంది. కాని దాని వెనుక ఒక పెద్ద ఉత్పత్తి యంత్రాంగం ఉంది. జెర్సీలు అభిమాని అడిగిన రోజున తయారయ్యే వస్తువులు కావు. వస్త్రం నేయడం, కుట్టడం, ముద్రించడం, ఓడల ద్వారా దేశదేశాలకు చేరవేయడం, దుకాణాలలో నిలువ చేయడం అనే దశలన్నీ సీజను ఆరంభానికి ఎన్నో నెలల ముందే మొదలవుతాయి. మధ్యలో సంఖ్య మారితే అప్పటికే ముద్రించిన సరుకు ఎవరికీ అక్కరలేనిదవుతుంది. 2019లో లెబ్రాన్ జేమ్స్ తన 23ను, జట్టులోకి కొత్తగా వచ్చిన ఆంథొనీ డేవిస్‌కు ఇవ్వదలచాడు. నిలువ సరుకు వల్ల భారీ నష్టం వాటిల్లుతుందని జెర్సీల తయారీ సంస్థ నైకీ అభ్యంతరం చెప్పినట్లు అప్పటి వార్తలు తెలిపాయి. డేవిస్ 3తో సరిపెట్టుకున్నాడు. 2021లో మాత్రం జేమ్స్ 6కు మారాడు. బిల్ రస్సెల్ మరణానంతరం ఆయన ధరించిన 6ను 2022లో లీగు మొత్తం మీద విరమింపజేసినప్పుడు, అప్పటికే దానిని ధరిస్తున్నవారికి మినహాయింపు లభించింది. అయినా ఆ మహనీయునిపై గౌరవంతో జేమ్స్ 2023లో తిరిగి 23ను స్వీకరించాడు.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఈ నష్టాన్ని నేరుగా ఆటగాడి నెత్తిన వేసింది. జట్టు మారకుండా అదే ఏడాది సంఖ్య మార్చుకోదలచినవాడు దుకాణాలలో మిగిలిన తన పాత జెర్సీల నిలువను సొమ్ము చెల్లించి కొనుగోలు చేయాలి. పేరు విషయంలోనూ ఇదే చిక్కు ఎదురైంది. 85 ధరించే చాడ్ జాన్సన్ అనే ఆటగాడు 2008లో న్యాయబద్ధంగా తన పేరును ‘ఓచోసింకో’ అని మార్చుకున్నాడు. స్పానిష్ భాషలో ఆ మాటకు ఎనిమిది, ఐదు అని అర్థం. కాని పాత పేరు గల జెర్సీల నిలువ కారణంగా ఆ ఏడాది అతడు తన కొత్త పేరును వీపుపై ధరించలేకపోయాడు. 2009లో గాని ఆ కోరిక నెరవేరలేదు. ప్రభుత్వ పత్రాలలో మారిన పేరు గిడ్డంగిలోని సరుకు అమ్ముడుపోయే వరకు వేచి ఉండవలసి వచ్చిందన్నమాట.

ఐరోపా ఫుట్‌బాల్‌లో తగాదా మరొక రూపంలో ఉంటుంది. అక్కడ కోరిన సంఖ్య అప్పటికే మరొకరిది కావచ్చు. 2003లో డేవిడ్ బెక్‌హామ్ రియల్ మాడ్రిడ్ జట్టుకు చేరినప్పుడు అతని 7 అక్కడ రౌల్ ఆధీనంలో ఉంది. బెక్‌హామ్ జోర్డాన్‌కు ప్రసిద్ధి తెచ్చిన 23ను ఎంచుకున్నాడు. 2009లో అదే జట్టుకు వచ్చిన క్రిస్టియానో రొనాల్డో మొదట 9తో ఆడి, రౌల్ వెళ్లిపోయాక 2010లో 7ను పొందాడు. 2021లో అతడు మాంచెస్టర్ యునైటెడ్‌కు తిరిగి వచ్చినప్పుడు 7 ధరిస్తున్న ఎడిన్సన్ కవానీ 21కి మారి దారి ఇచ్చాడు.

ఇంత ఆరాటం ఉన్నప్పుడు జెర్సీల సొమ్మంతా జట్టుకే చేరుతుందని పలువురు భావిస్తారు. ఒక ప్రసిద్ధ ఆటగాణ్ణి కొనడానికి వెచ్చించిన మొత్తం అతని జెర్సీల అమ్మకంతోనే తిరిగి వచ్చిందన్న మాట తరచుగా వినబడుతుంది. ఇది అపోహ. అభిమాని చెల్లించే ధరలో దుకాణదారుకు, పంపిణీదారుకు, ప్రభుత్వ పన్నుకు, తయారీ ఖర్చుకు, తయారీ సంస్థ లాభానికి వాటాలు పోగా జట్టుకు దక్కేది కొద్ది శాతం మాత్రమే. జట్టుకు అసలు ఆదాయం వేరే మార్గంలో వస్తుంది. తన చిహ్నాన్ని వాడుకొనే హక్కును జట్టు తయారీ సంస్థకు ముందుగానే పెద్ద మొత్తానికి ఇచ్చివేస్తుంది. మాంచెస్టర్ యునైటెడ్ 2015-16 నుంచి పది సంవత్సరాలకు అడిడాస్‌తో చేసుకున్న ఒప్పందం కనీస విలువ 75 కోట్ల పౌండ్లు. ప్రసిద్ధుడైన ఆటగాడు జట్టులో ఉంటే తరువాతి ఒప్పందంలో బేరం చేసే శక్తి పెరుగుతుంది. అతడు తెచ్చే లాభం ప్రధానంగా అదే.

భారతదేశంలో ఈ వ్యాపారం క్రికెట్ చుట్టూ అల్లుకొన్నది. విరాట్ కోహ్లి సంఖ్య 18. అతని తండ్రి మరణించినది 2006 డిసెంబరు 18న. అతడు భారతజట్టు తరఫున తొలి పోటీ ఆడినది 2008 ఆగస్టు 18న. ఇంతటి వ్యక్తిగత స్మృతులు గల సంఖ్య 2017లో ‘వన్8’ అనే వ్యాపారనామంగా మారింది. జూలై 7న జన్మించిన మహేంద్రసింగ్ ధోని ధరించే 7 నుంచి ‘సెవెన్’ అనే దుస్తుల వ్యాపారనామం 2016లో వెలువడింది. ఇక సచిన్ తెందూల్కర్ 10 కథ వేరు. 2017లో శార్దూల్ ఠాకూర్ ఆ సంఖ్యతో బరిలోకి దిగగానే అభిమానులు తీవ్రంగా నిరసించారు. అతడు 54కు మారవలసి వచ్చింది. ఆ 10ని ఎవరూ చట్టరీత్యా తమదిగా ప్రకటించుకోలేదు. అయినా అది ఎవరిదో కోట్లాదిమంది ప్రజలే నిర్ణయించారు.

2023లో భారతజట్టు జెర్సీల తయారీని స్వీకరించిన అడిడాస్ మూడు స్థాయిల ధరలు ప్రకటించింది. ఆటగాళ్లు ధరించే నమూనా 4,999 రూపాయలు, దాని ప్రతిరూపం 2,999 రూపాయలు, సామాన్య అభిమాని జెర్సీ 999 రూపాయలు. ఈ ధరలు అందరికీ అందుబాటులో ఉండవు. అందుచేతనే పోటీ జరిగే రోజున హైదరాబాదు ఉప్పల్ స్టేడియం వెలుపల కాలిబాటపై తక్కువ ధరకు జెర్సీలు అమ్ముడుపోతుంటాయి. అనుమతి లేకుండా జట్టు చిహ్నాన్ని ముద్రించి అమ్మడం చట్టవిరుద్ధం. అయితే చిహ్నం ఖరీదు పెరిగిన చోట నకిలీ పుట్టడం కూడా సహజమే. కాలిబాటపై కొనేవాడి అభిమానం గాజు అద్దాల దుకాణంలో కొనేవాడి అభిమానం కంటె తక్కువది కాదు. ఇద్దరి ఆశనూ సొమ్ము చేసుకొనే చేతులు మాత్రం వేరు.

క్రీడాభిమానం ఆరోగ్యకరమైన భావన. నచ్చిన ఆటగాని సంఖ్యను ధరించడంలో తప్పు లేదు. ఆ ఒక్క సంఖ్య భాష, ప్రాంతం తెలియని అపరిచితులను సైతం క్షణంలో మిత్రులను చేస్తుంది. కాని ఏటేటా రంగు మార్చి, అంచు మార్చి, సంఖ్య మార్చి కొత్త జెర్సీ కొనిపించే ప్రయత్నాన్ని విద్యార్థులు గుర్తించాలి. తల్లిదండ్రుల కష్టార్జితంతో కొనే ప్రతి వస్తువూ అవసరమా, ఆకర్షణా అని ప్రశ్నించుకోవాలి. నిరుటి జెర్సీ చిరిగిపోనంత వరకు పాతది కాదు. జోర్డాన్ వీపుపై 45 ఉన్నా 23 ఉన్నా, బంతిని బుట్టలో వేసినది అతని సాధనే. సంఖ్యను ఎవరైనా కొనవచ్చు. దానికి విలువ తెచ్చిన సాధన మాత్రం ఏ అంగడిలోనూ దొరకదు.

కఠిన పదాలకు అర్థాలు

విపణి = అంగడి, వ్యాపారస్థలం
కేతనం = జెండా
ప్రతీక = గుర్తు, సంకేతం
ఉదంతం = వృత్తాంతం
గిడ్డంగి = సరుకు నిలువ ఉంచే చోటు
అపోహ = పొరపాటు అభిప్రాయం
కష్టార్జితం = శ్రమించి సంపాదించినది

ప్రశ్నలు

1. క్రీడాకారుల దుస్తులపై సంఖ్యలు ప్రవేశించిన తీరును, వాటి ప్రయోజనంలో వచ్చిన మార్పును వివరించండి.
2. జోర్డాన్, బ్రయాంట్ ఉదంతాల మధ్య గల భేదాన్ని తెల్పండి.
3. జెర్సీల అమ్మకపు సొమ్మంతా జట్టుకే చేరుతుందనడం ఎందుకు అపోహ?
4. ‘సంఖ్యను ఎవరైనా కొనవచ్చు’ అన్న వాక్యంలోని అంతరార్థాన్ని సొంత మాటలలో రాయండి.