జీపన్న ఇంత మక్కువ యేల?

1937లో చక్కెర కర్మాగారము నెలకొన్న నిజామాబాదు జిల్లా బోధను సీమలో, నిజాంసాగరు కాలువల నీట చెఱకు పండిన ఆ నల్లరేగడి నేల, వానకాలమున నీరు త్రాగి, ఉబ్బి, జిగురై చక్రములను పట్టుకొనును. అట్టి బాటను చిన్న జీపు ఎట్లు దాటును?

సామాన్యమైన కారులో యంత్రశక్తి రెండు చక్రములకే చేరును. అవి జాఱినచో వట్టినే తిరుగుచుండును. జీపులో నొక మీటను లాగినచో ఆ శక్తి ముందు చక్రములకును అందును గనుక, వెనుకవి పట్టు తప్పినను ముందువి బండిని లాగుకొనిపోవును. మఱియొక మీట వలన వేగము తగ్గి త్రిప్పుబలము హెచ్చును. పొట్టితనము సయితము గుణమే: 1941 నాటి విల్లీస్ జీపునకు ఇరుసుల నడిమి దూరము 80 అంగుళములే యగుటచే, గట్టునెక్కి దిగునపుడు దాని కడుపు నేలకు సులువుగా తగులదు. (నాలుగు చక్రములును జాఱినచో, పాపము, దానికిని ట్రాక్టరే శరణ్యము!)

మఱి నిజామాబాదు వీథులలో తిరుగువారు దీనినేల కోరుదురు? కుదుపులు మెండు, ఇంధనపు ఖర్చు అధికము. అయినను, ఏనాడైన పొలమునకు పోవలసి వచ్చినచో ఆగనక్కఱలేదను ధీమాయే, నా మతమున, మొదటి కారణము. ఎత్తైన ఆసనమునుండి దారియు చక్కగా కానవచ్చును. పాత జీపుల యంత్రము నిరాడంబరమగుటచే ఊరి మెకానికే విప్పి బిగింపగలడు.