సెంచా: వేడి తగ్గితేనే కమ్మదనం

జపాన్ ఇళ్లలో ఎక్కువగా తాగే గ్రీన్ టీ సెంచా. మొక్క చూస్తే పాలతో మరిగించే టీపొడికి ఆధారమైనదే. తేడా అంతా తయారీలో ఉంది. కోసిన ఆకును నలిపి గాలికి ఉంచితే అందులోని ఎంజైములు పనిచేసి ఆకు నల్లబడుతుంది. కోసిన వెంటనే వేడి తగిలిస్తే ఎంజైములు చచ్చిపోయి పచ్చదనం నిలుస్తుంది. చైనాలో హాంగ్‌జౌ లోంగ్‌జింగ్ లాంటి రకాలను మూకుళ్లలో వేయిస్తారు. జపాన్‌లో ఆవిరి పట్టిస్తారు. ఆ ఆకును నలుపుతూ ఆరబెట్టే పద్ధతిని 1738లో ఉజి ప్రాంతానికి చెందిన నగతాని సోయెన్ రూపొందించాడని చెబుతారు. ఇప్పుడు ఆ నలుపుడు పని చాలావరకు యంత్రాలదే.

ఆకులో చేదు, వగరు ప్రధానంగా కాటెకిన్లు అనే పదార్థాల వల్ల, కెఫీన్ వల్ల వస్తాయి. కమ్మదనం ఎక్కువగా థియనిన్ అనే అమైనో ఆమ్లానిది. థియనిన్ తక్కువ వేడికీ సులువుగా నీటిలోకి దిగుతుంది. కాటెకిన్లు మాత్రం నీరు వేడెక్కేకొద్దీ విపరీతంగా దిగుతాయి. సలసల కాగే నీళ్లు పోసి, పైగా పది నిమిషాలు మరిచిపోయి, గ్రీన్ టీ చేదని ముఖం చిట్లించేవారు నిందించాల్సింది ఆకును కాదు.

మంచి సెంచాకు 70 నుంచి 80 డిగ్రీల నీరు చాలు. ఇద్దరికి సుమారు 4 గ్రాముల ఆకు, 180 మిల్లీలీటర్ల నీరు, ఒకటి రెండు నిమిషాల సమయం. థర్మామీటర్ అక్కర్లేదు: కాగిన నీటిని ముందు కప్పుల్లో పోయాలి. పాత్ర మారిన ప్రతిసారీ వేడి దాదాపు పది డిగ్రీలు తగ్గుతుంది, కొలతా కుదురుతుంది. ఆ నీటిని ఆకున్న టీ కూజాలో పోసి, దిగాక కప్పుల్లోకి కొంచెం కొంచెంగా మార్చిమార్చి వంచితే చిక్కదనం సమానంగా పడుతుంది. చివరి చుక్క దాకా వంచేయాలి. అడుగున నీరు మిగిలితే రెండో విడత చేదెక్కుతుంది. ఆ విడతకు ఆకు విచ్చుకుని ఉంటుంది కనుక ఇంకాస్త వేడి నీరు, కొద్ది క్షణాలు సరిపోతాయి.

గ్యోకురో అనే ఖరీదైన గ్రీన్ టీకి ఇంకా తక్కువ వేడి, 50 నుంచి 60 డిగ్రీలే. కోతకు ముందు దాదాపు 20 రోజులు తోటకు నీడ కడతారు. ఎండ తగలకపోవడంతో థియనిన్ కాటెకిన్లుగా మారడం తగ్గుతుంది. దోరగా వేయించిన హోజిచా అనే టీకి మాత్రం మరిగే నీరే పోయొచ్చు.

ఆకు చుట్టుపక్కల వాసనలన్నీ పీల్చుకుంటుంది. వెలుతురు, తేమ చొరబడని డబ్బాలో, పోపులపెట్టెకు దూరంగా ఉంచాలి. భోజనంతో కలిపి తాగితే ఆహారంలోని ఇనుము సరిగా ఒంటపట్టదు కాబట్టి, రక్తహీనత ఉన్నవారు గంటసేపైనా ఆగి తాగడం మంచిది.